గ్లో ఇంజిన్ కార్బ్యురేటర్ ట్యూనింగ్: నీడిల్ ముట్టుకునే ముందు నుంచి ఇంజిన్ ఆపేదాకా

మోడల్ విమానాలు ఎగరేసే ఫీల్డ్‌లో కొత్తవాళ్లను గమనిస్తుంటాను. వాళ్ల చేతిలో ఉండేది గ్లో ఇంజిన్, అంటే స్పార్క్ బదులు వేడి తీగ ఉన్న ప్లగ్గుతో మెథనాల్ మండించే చిన్న ఇంజిన్. ఇంజిన్ కాస్త తడబడగానే చెయ్యి నేరుగా నీడిల్ (ఇంధనాన్ని సర్దే సూది) మీదకు పోతుంది. అటు రెండు క్లిక్కులు, ఇటు నాలుగు క్లిక్కులు తిప్పేసరికి మొదట ఎక్కడుందో గుర్తుండదు. తర్వాత లో నీడిల్ స్క్రూ కూడా తిప్పుతారు. ఇక ఆ రోజుకు ఆ విమానం లేచినట్టే. నిజానికి ఈ పని కష్టమైనదేమీ కాదు, కానీ దానికో వరస ఉంది. ముందు ప్లగ్గు, ట్యాంకు, పైపులు. తర్వాత ఫుల్ థ్రాటిల్‌ను సర్దే హై నీడిల్. అది కుదిరాకే ఐడిల్‌ను సర్దే లో నీడిల్. చివర్లో మళ్లీ హై నీడిల్. ఈ వరస తప్పితే ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా సెట్టింగ్ చేతికి చిక్కదు.

ఉదాహరణకు ఓ.ఎస్. 46ఏఎక్స్ తీసుకుంటున్నాను. టూ స్ట్రోక్, 7.45 సీసీ. ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే) విమానాల మీద తరచుగా కనిపించే సైజు, నేను నేర్చుకున్నది కూడా దీని మీదే. వేరే కంపెనీ 40, 46 సైజు ఇంజిన్లకు కూడా పద్ధతి ఇదే.

బిగిస్తే లీన్, విప్పితే రిచ్

హై నీడిల్ అంటే ఇంధనం వెళ్లే దారిలో దూరిన సూది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే దారి ఇరుకై ఇంధనం తగ్గుతుంది. అది లీన్. ఎదురు వైపు తిప్పితే ఇంధనం పెరుగుతుంది. అది రిచ్. ఇంతవరకు బైకు కార్బ్యురేటర్ తెలిసినవాళ్లకు కొత్తేమీ లేదు. తేడా ఎక్కడంటే, బైకు లీన్ అయితే పికప్ తగ్గుతుంది, వేడెక్కుతుంది, ఇంటిదాకా ఎలాగో వస్తుంది. గ్లో ఇంజిన్ లీన్ అయితే దానికి నూనె కూడా అందదు. ఇందులో వేరే ఆయిల్ పంపు లేదు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసిన పాత చేతక్ స్కూటర్ లాగే, పిస్టన్‌కు, బేరింగులకు కావాల్సిన నూనె అంతా ఇంధనంలోనే వస్తుంది. ఇంధనం కోస్తే నూనె కూడా కోసినట్టే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును మార్కెట్లోకి తెచ్చాక మోడల్ విమానాలకు స్పార్క్ కోసం మోయాల్సిన కాయిల్, కండెన్సర్, బ్యాటరీల బరువు తప్పింది. వాటితో పాటు టైమింగ్ (ఇంధనం ఏ క్షణంలో అంటుకోవాలో) సరిచేసుకునే మీట కూడా పోయింది. ప్లగ్గులో ఉన్న ప్లాటినం తీగ మెథనాల్ ఆవిరి తగిలినప్పుడు రసాయన చర్య వల్ల, మండిన వేడి వల్ల ఎర్రగా ఉండిపోతుంది. మిక్చర్ రిచ్‌గా ఉంటే తీగ చల్లబడి కాస్త ఆలస్యంగా అంటుకుంటుంది. లీన్‌గా ఉంటే తీగ మరీ వేడెక్కి, పిస్టన్ పైకి చేరకముందే అంటుకుంటుంది. అంటే ఆ ఒక్క నీడిల్‌తోనే మీరు ఇంధనాన్ని, నూనెను, వేడిని, టైమింగ్‌ను కూడా తిప్పుతున్నారు. అందుకే ఎప్పుడు అనుమానం వచ్చినా రిచ్ వైపే ఉండండి. నాలుగైదు వందల ఆర్‌పీఎం తగ్గితే విమానానికి వచ్చే నష్టం లేదు.

నాకిది ఒక పిస్టన్ ఖర్చుతో తెలిసింది. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో, ఇంజిన్ ఎంత గట్టిగా అరిస్తే అంత బాగుందనుకుని పీక్ దగ్గర, అంటే వేగం ఇక పెరగని చోట, వదిలేశాను. అదే సెట్టింగ్‌తో డిసెంబరులో ఒక చలి పొద్దున ఎగరేశాను. పైకి లాగగానే శబ్దం సన్నబడింది, ఒక్క క్షణం మూలిగినట్టయింది, ఆగిపోయింది. విమానం కంది చేలో దిగింది. రెక్కకు ఏమీ కాలేదు. కానీ ప్రాప్ (ప్రొపెల్లర్) చేత్తో తిప్పి చూస్తే ఎప్పుడూ పైన పట్టే బిగువు లేదు, కంప్రెషన్ పోయింది.

ముందు జాగ్రత్త

11 అంగుళాల ప్రాప్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంటే దాని కొన వేగం గంటకు దాదాపు 580 కిలోమీటర్లు. కాబట్టి నీడిల్ ఎప్పుడూ ప్రాప్ వెనక నుంచే తిప్పండి, ముందు నుంచి చెయ్యి చాపకండి. విమానాన్ని తోక దగ్గర కట్టేయండి, లేదా తోడున్న మనిషి గట్టిగా పట్టుకోవాలి. ప్రాప్ తిరిగే గీతకు ఇరువైపులా ఎవరూ నిలబడకూడదు. చున్నీ, వదులు చేతుల చొక్కా, మెడలో తాడు వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి.

మెథనాల్ విషం. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మింగితే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. అది మండితే పగటి వెలుగులో మంట దాదాపు కనబడదు. పిల్లలకు అందకుండా, మూత బిగించి, మీద పేరు రాసి పెట్టండి. మంచినీళ్ల సీసాలో మాత్రం ఎన్నడూ పోయకండి.

నీడిల్ జోలికి వెళ్లే ముందు

కార్బ్యురేటర్‌ది అనుకున్న తప్పుల్లో ఎక్కువ భాగం కార్బ్యురేటర్‌వి కావు. ఈ పది నిమిషాల పని చేయకుండా ట్యూనింగ్ మొదలుపెడితే, పగిలిన కుండలో నీళ్లు పోసినట్టే.

ప్లగ్గు విప్పి 1.5 వోల్టుల ఇగ్నైటర్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చే చిన్న బ్యాటరీ) పెట్టి చూడండి. తీగ మొత్తం ప్రకాశవంతమైన నారింజ రంగులో వెలగాలి. ఒక పక్కే వెలిగినా, తీగ వంకర తిరిగినా, మెరుపు పోయి బూడిద రంగుకు వచ్చినా మార్చేయండి. నేను సీజన్ మొదట్లో కొత్త ప్లగ్గుతోనే ట్యూన్ చేస్తాను. సగం చచ్చిన ప్లగ్గుతో చేసిన సెట్టింగ్, మంచి ప్లగ్గు పెట్టగానే మారిపోతుంది.

ఇంధనం ఒకటే రకం వాడండి. మన దగ్గర చాలామంది మెథనాల్ 80, ఆముదం 20 పాళ్లలో సొంతంగా కలుపుకుంటారు. కిరాణా కొట్టు ఆముదం పనికిరాదు, జిగురు తీసిన డీగమ్డ్ ఆముదమే కావాలి. రెడీమేడ్ అయితే ట్రైనర్‌కు నైట్రోమీథేన్ 5 నుంచి 15 శాతం దాకా ఉన్నది సరిపోతుంది. నైట్రో శాతం పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి, కాబట్టి నీడిల్ కాస్త విప్పాలి. రకం మార్చిన ప్రతిసారీ ట్యూనింగ్ మొదటి నుంచి చేయాల్సిందే. ఇంకొకటి: మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన డబ్బాతో ఏ నీడిల్ సెట్టింగూ నిలవదు.

ట్యాంకు మధ్య గీత కార్బ్యురేటర్‌లో నీడిల్ ఉన్న ఎత్తుకు సమానంగా గానీ, ఒక సెంటీమీటరు లోపు కిందకు గానీ ఉండాలి. చాలా కింద ఉంటే ముక్కు పైకెత్తినప్పుడు లీన్ అవుతుంది. పైన ఉంటే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడే ఇంధనం కారుతుంది. ట్యాంకు చుట్టూ స్పాంజి పెట్టాలి, లేకపోతే అదురుకు లోపల నురగ కట్టి పైపులో బుడగలు వస్తాయి.

ట్యాంకు లోపల క్లంక్ (ఇంధనం ఎటుంటే అటు వాలే చిన్న బరువు) ఉన్న సిలికాన్ పైపును బయటకు తీసి వంచి చూడండి. కంటికి కనబడని చీలిక ఉన్నా, ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఇంజిన్ బాగా నడిచి, సగం అవ్వగానే లీన్ అయిపోతుంది. ఈ ఒక్క తప్పు వెతకలేక నేను రెండు ఆదివారాలు నీడిల్ తిప్పుతూ కూర్చున్నాను. సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వచ్చే ప్రెషర్ పైపు గట్టిగా ఉందా, కార్బ్యురేటర్ అడుగున ఓ-రింగ్ (గాలి లీక్ కాకుండా ఆపే రబ్బరు రింగు) బాగుందా, వెనక ప్లేటు స్క్రూలు బిగుతుగా ఉన్నాయా, ఫిల్టర్లో చెత్త లేదు కదా అన్నవి కూడా చూసేయండి.

కొత్త ఇంజిన్ అయితే ముందు రన్నింగ్ ఇన్, అంటే భాగాలు ఒకదానికొకటి అరిగి కుదురుకునేలా నడపడం. ఆ వివరం ఇంజిన్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్నే పాటించండి. అందులో చెప్పినన్ని ట్యాంకుల ఇంధనం ఖర్చయ్యేదాకా ఇక్కడ చెప్పిన ఫైన్ ట్యూనింగ్ చేయకండి.

స్టార్ట్ చేయడం

హై నీడిల్‌ను మెత్తగా చివరిదాకా బిగించండి, తగిలిన చోట ఆపేయండి. బలంగా బిగిస్తే సూది మొన పాడవుతుంది. అక్కడి నుంచి 2 నుంచి 2.5 చుట్లు విప్పండి. మీ ఇంజిన్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే సరైనది.

లో నీడిల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే ముట్టుకోకండి. ఎవరో తిప్పేసిన సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అయితే మొదటి అంచనాకు ఒక చిట్కా ఉంది. ఇంధనం తగలని కొత్త పైపు ముక్కను కార్బ్యురేటర్ నిప్పల్‌కు (ఇంధనం పైపు తగిలించే కొనకు) తగిలించండి. హై నీడిల్ విప్పే ఉండాలి. థ్రాటిల్ సందు ఒక మిల్లీమీటరు మాత్రమే కనబడేలా మూయండి. పైపులోకి ఊదుతూ లో స్క్రూను నెమ్మదిగా బిగించండి. మొదట గాలి ధారాళంగా పోతుంది, కాసేపటికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగిపోయే ముందు సన్నగా బుస్సుమని వినిపించే చోట వదిలేయండి. అది చివరి సెట్టింగ్ కాదు, కానీ స్టార్ట్ అవ్వడానికి సరిపోతుంది.

థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇగ్నైటర్ పెట్టకుండా, కార్బ్యురేటర్ నోటికి వేలు అడ్డంపెట్టి ప్రాప్‌ను చేత్తో రెండు మూడు చుట్లు తిప్పండి. పైపులో ఇంధనం కదిలి వచ్చి కార్బ్యురేటర్‌ను చేరడం కనబడుతుంది. తర్వాత థ్రాటిల్‌ను ఐడిల్ కంటే కాస్త పైకి పెట్టి, ఇగ్నైటర్ తగిలించి, ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో గానీ రబ్బరు పైపు తొడిగిన కర్రతో గానీ తిప్పండి. వేలితో వద్దు. ప్రాప్ ఒక చోట పట్టేసి అస్సలు తిరగకపోతే స్టార్టర్‌తో బలవంతం చేయకండి. లోపల ఇంధనం నిండిపోయింది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గు విప్పి, విమానాన్ని తలకిందులు చేసి, ప్రాప్ తిప్పి ఆ ఇంధనం బయటకు పోనివ్వండి.

అంటుకున్నాక ఒక నిమిషం సగం థ్రాటిల్‌లో వేడెక్కనివ్వండి. చల్లటి ఇంజిన్‌ను ట్యూన్ చేస్తే, వేడెక్కగానే అది లీన్ అవుతుంది. తర్వాత వెనక నుంచే ఇగ్నైటర్ తీసేయండి. తీయగానే వేగం బాగా పడిపోతే మిక్చర్ చాలా రిచ్‌గా ఉందనో, ప్లగ్గు బలహీనమనో అర్థం.

హై నీడిల్: ఇక్కడ తొందర వద్దు

థ్రాటిల్ నెమ్మదిగా ఫుల్ చేయండి. ఇప్పుడు వినండి. 2.5 చుట్లు విప్పి ఉంది కాబట్టి శబ్దం బొంగురుగా, గొంతులో నీళ్లున్నట్టు గుడగుడమని వస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ దట్టంగా పోతుంది. దీన్ని ఫోర్ సైక్లింగ్ అంటారు. ఇంధనం ఎక్కువై ప్రతి చుట్టుకూ సరిగ్గా మండక, ఒకటి వదిలి ఒకటి మండుతున్న శబ్దం.

ఇక నీడిల్ ఒక్కో క్లిక్ బిగించండి. ఒక క్లిక్, మూడు నాలుగు సెకన్లు ఆగడం, మళ్లీ ఒక క్లిక్. పైపులో ఉన్న పాత ఇంధనం ఖర్చయ్యేదాకా మార్పు చెవికి తెలియదు. అందుకే ఆగాలి. ఒక చోట బొంగురు గొంతు విడిపోయి శబ్దం శుభ్రంగా, సన్నగా ఝుమ్మని మారుతుంది. మధ్యలో కాసేపు అటూ ఇటూ ఊగుతుంది: బొంగురు, సన్నం, బొంగురు, సన్నం. ఆ ఊగే చోటును బాగా గుర్తుపెట్టుకోండి, రేపు చెవికి ఆనవాలు అదే. ఇంకా బిగిస్తే వేగం కొంత పెరిగి, ఒక చోట పెరగడం ఆగిపోతుంది. అది పీక్. అక్కడ ఒక క్షణం మించి ఉండకండి. వెంటనే వెనక్కు విప్పండి. టాకోమీటర్ (ఆర్‌పీఎం కొలిచే పరికరం) ఉంటే పీక్ కంటే 300 నుంచి 500 ఆర్‌పీఎం తగ్గేదాకా. లేకపోతే శబ్దంలో వేగం స్పష్టంగా కొద్దిగా దిగినట్టు తెలిసేదాకా. పొగ గీత ఇంకా కనబడుతూనే ఉండాలి.

సెట్టింగ్ సరిపోయిందో లేదో చెప్పేది నొక్కుడు పరీక్ష. ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా, ప్రాప్‌కు దూరంగా ట్యాంకు దగ్గరి పైపును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చిటికెలో నొక్కి వదలండి. వేళ్ల కింద పైపు అదురుతూ ఉంటుంది, నొక్కగానే ఇంజిన్ ఒక్కసారిగా లీన్ అవుతుంది. అప్పుడు శబ్దం కొంచెం పైకి లేచి తిరిగి దిగితే బాగున్నట్టే. చాలా ఎక్కువగా లేస్తే ఇంకా రిచ్‌గా ఉంది. అస్సలు లేవకుండా వెంటనే పడిపోతే మీరు పీక్ మీదో, దాటేసో ఉన్నారు. రెండు మూడు క్లిక్కులు విప్పి మళ్లీ చూడండి.

తర్వాత ముక్కు పైకెత్తే పరీక్ష. ఇది వదిలేయడం వల్లే చాలా విమానాలు టేకాఫ్ అయిన పది సెకన్లకు ఆగిపోతాయి. ఫుల్ థ్రాటిల్‌లోనే, విమానాన్ని గట్టిగా పట్టుకుని, ప్రాప్ ముఖానికి దూరంగా ఉండేలా ముక్కును నిటారుగా ఆకాశం వైపు ఎత్తి 10 సెకన్లు ఉంచండి. ట్యాంకు ఇంజిన్ కిందికి పోతుంది కాబట్టి ఇంధనం పైకి ఎక్కాలి, మిక్చర్ సహజంగానే లీన్ అవుతుంది. శబ్దం కొద్దిగా పెరిగినా, అలాగే నిలిచినా సరే. దిగిపోయినా, మూలిగినా రిచ్ చేయాలి. గాల్లో ప్రాప్ మీద బరువు తగ్గి ఇంజిన్ ఇంకా వేగం పుంజుకుంటుంది కాబట్టి నేల మీద కాస్త రిచ్‌గా వినబడే ఇంజినే పైన సరిగ్గా నడుస్తుంది.

లో నీడిల్

థ్రాటిల్ మూసినప్పుడు లోపలి డ్రమ్ (గాలి దారిని తెరిచి మూసే గుండ్రటి ముక్క) తిరగడంతో పాటు పక్కకు జరుగుతుంది. అలా జరిగినప్పుడు లో నీడిల్ ఇంధన రంధ్రంలోకి దూరి ధార తగ్గిస్తుంది. అందుకే దాని ప్రభావం ఐడిల్ నుంచి దాదాపు సగం థ్రాటిల్ దాకా ఉంటుంది. థ్రాటిల్ మీట మధ్యలో కనబడే చిన్న స్క్రూ అదే. దీన్ని సన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి, ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు మించకుండా. నేను ఇంజిన్ ఆపేసే తిప్పుతాను. టైమ్ పడుతుంది కానీ వేళ్లు క్షేమం.

ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్‌లో) థ్రాటిల్ ట్రిమ్ అనే సన్న సర్దుబాటును దించి ఐడిల్ 2,200 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య పెట్టండి. 10, 15 సెకన్లు అలాగే ఉంచండి. తర్వాత పైపు నొక్కి పట్టుకోండి, ఈసారి వదలకుండా. రెండు మూడు సెకన్లు నడిచి, కొంచెం వేగం పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉంది. నొక్కిన మరుక్షణమే ఆగిపోతే లీన్. చాలాసేపు నడుస్తూ వేగం బాగా పెరిగిపోతే రిచ్.

ఇప్పుడు అసలు పరీక్ష: ఐడిల్‌లో 15 సెకన్లు ఉంచి థ్రాటిల్ స్టిక్ ఒక్క సెకనులో ఫుల్ చేయండి. గుడగుడమని పొగ కక్కి, ఆలస్యంగా పుంజుకుంటే లో రిచ్: ఎనిమిదో వంతు బిగించండి. ఏ గుడగుడా లేకుండా స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిపోతే లో లీన్: ఎనిమిదో వంతు విప్పండి. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు, రెండింటిలోనూ ఇంజిన్ తడబడుతుంది కాబట్టి. పొగ, తడి శబ్దం ఉన్నాయా లేవా అన్నదే తేడా. తిప్పినప్పుడల్లా ఒకసారి ఫుల్ థ్రాటిల్‌కు తీసుకెళ్లి లోపలి ఇంధనాన్ని ఖర్చు చేశాక మళ్లీ పరీక్షించండి. కుదిరాక థ్రాటిల్‌కు ఇంజిన్ వెంటనే, కాస్త కండతో స్పందిస్తుంది.

కొన్ని ఇంజిన్లకు, ముఖ్యంగా ఓ.ఎస్. ఎల్‌ఏ రకానికి, లో నీడిల్ ఉండదు. కార్బ్యురేటర్ ముందు భాగంలో సన్నని రంధ్రం, దాని మీద స్ప్రింగ్ ఉన్న స్క్రూ ఉంటాయి. అది ఎయిర్ బ్లీడ్. అది తిప్పేది ఇంధనాన్ని కాదు, గాలిని. కాబట్టి బిగిస్తే గాలి తగ్గి రిచ్ అవుతుంది, విప్పితే లీన్ అవుతుంది, పైన చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. మీది ఏ రకమో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ పెట్టకండి.

లో స్క్రూ మారితే హై కూడా కొద్దిగా కదులుతుంది. కాబట్టి మళ్లీ ఫుల్ థ్రాటిల్, నొక్కుడు పరీక్ష, ముక్కు పైకి. ఒకటి రెండు క్లిక్కుల సర్దుబాటుతో అయిపోతుంది. లో నీడిల్‌ను ఇక సీజన్ అంతా ముట్టుకోనక్కర్లేదు. రోజూ సరిచూసేది హై నీడిల్ ఒక్కటే.

ఎండ, చలి, ఊరు

చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, దానికి ఇంధనం ఎక్కువ కావాలి. 14 డిగ్రీల డిసెంబరు పొద్దుటి గాలితో పోలిస్తే 40 డిగ్రీల మే గాలిలో ఆక్సిజన్ సుమారు 8 శాతం తక్కువ. అంటే ఎండలో చేసిన సెట్టింగ్ చలిలో లీన్ అవుతుంది, నా పిస్టన్‌ను మింగింది ఇదే. చలి పొద్దున రెండు మూడు క్లిక్కులు విప్పి మొదలుపెట్టండి. ఊరు మారినా అంతే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ గాలి పీడనం విశాఖ తీరం కంటే సుమారు 6 శాతం తక్కువ. హైదరాబాద్‌లో సెట్ చేసిన ఇంజిన్‌ను విశాఖ తీసుకెళ్తే నీడిల్ విప్పాలి. తీరంలో ఉక్కపోత రోజుల్లో తేమ కొంత ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది కాబట్టి ఆ విప్పడం కాస్త తక్కువ సరిపోవచ్చు. చెవితోనే తేల్చుకోండి.

సెట్టింగ్ నిలవకపోతే

పొద్దున కుదిరింది మధ్యాహ్నానికి పోతుంటే నీడిల్ తిప్పడం ఆపేయండి. పైపులో బుడగలు కనిపిస్తే ట్యాంకు స్పాంజి చూడండి. ట్యాంకు సగానికి రాగానే తేడా వస్తే క్లంక్ పైపు. ఐడిల్ తనంతట తనే పైకీ కిందకీ ఊగుతుంటే ఎక్కడో గాలి లీక్ అవుతోంది: కార్బ్యురేటర్ అడుగు, వెనక ప్లేటు. నీడిల్ తిప్పినా ఏ తేడా రాకపోతే లోపల చెత్త అడ్డుపడింది. నీడిల్ పూర్తిగా బయటకు తీసి శుభ్రమైన ఇంధనం చిమ్మి కడగండి.

ఆపేటప్పుడు

చివరి ఫ్లైట్ అయ్యాక ట్యాంకులో మిగిలింది బయటకు తీసేయండి. ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసి, పైపు ఊడదీసి, లోపలి ఇంధనం పూర్తిగా అయిపోయి తనంతట తానే ఆగేదాకా ఐడిల్‌లో నడవనివ్వండి. మెథనాల్, నైట్రో మిగిలిపోతే లోపల బేరింగులు తుప్పు పడతాయి. ప్లగ్గు విప్పి, కార్బ్యురేటర్ నోట్లో, ప్లగ్గు రంధ్రంలో నాలుగైదు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి, ప్రాప్‌ను చేత్తో పది పన్నెండు చుట్లు తిప్పండి. చేతిలో ఉన్న ప్లగ్గు తీగను కూడా ఒకసారి చూసుకోండి. మెరుస్తూ, సన్నగా తడిగా ఉంటే ఆ రోజు సెట్టింగ్ బాగున్నట్టు. ఎండిపోయి బూడిద రంగుకు తిరిగితే వచ్చే ఆదివారం నాలుగు క్లిక్కులు విప్పి మొదలుపెట్టండి.